ఒంగోల్లో నెలకో సినిమా: బొమ్మ మసక, మాట మాయం. ముందు ఏది సరిచేయాలి?

గుండ్లకమ్మ గట్టు:

అందరికీ నమస్కారం. ఒంగోల్లో ఎనిమిది మందిమి కలిసి నెలకో సినిమా వేద్దామని మొదలెట్టాం. రెండో శనివారం సాయంత్రం ఆరున్నరకి. టికెట్టు లేదు, ఎవరికీ జీతం లేదు. ఒక గ్రంథాలయం వాళ్లు పై అంతస్తు హాలు ఇస్తామన్నారు. పొడవు 44 అడుగులు, వెడల్పు 26, స్లాబు ఎత్తు 12. నడిమధ్య ఒకే వరసలో నాలుగు సీలింగు ఫ్యాన్లు. ప్లాస్టిక్ కుర్చీలు 60 దాకా ఉన్నాయి.

సామాను: ఆఫీసులో వాడి పక్కన పడేసిన ఎక్స్‌జీఏ (1024×768 పిక్సెళ్ల) ప్రొజెక్టరు (పెట్టె మీద 3,600 ల్యూమెన్లు అని ఉంది, త్రో రేషియో, అంటే బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో అది, 1.48 నుంచి 1.77), ఒక లాప్‌టాప్, మిక్సరు, పెళ్లిళ్లకు తిప్పే 15 అంగుళాల స్పీకర్లు రెండు. 12 అడుగుల తెల్ల ఫ్లెక్సీని తెరగా కట్టాం.

ట్రయల్‌లో తేలినవి ఇవి. పాటలకి హాలు దద్దరిల్లుతుంది, మాట మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. బొమ్మ మసక. ప్రొజెక్టరు టేబుల్ మీద పెడితే ముందు వరసల తలకాయలు తెర మీద పడుతున్నాయి, పైన కడదామంటే ఫ్యాను రెక్కలు అడ్డం. తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయి. చేతిలో డబ్బు తక్కువ. కొత్త ప్రొజెక్టరుకి చందాలు ఎత్తమంటారా, ఇంకేదైనా ముందు చూసుకోవాలా?

పీ-38 జాక్:

అన్నా, ప్రొజెక్టరు మాట తర్వాత. ముందు ఆ లాప్‌టాప్‌కీ మిక్సరుకీ మధ్యన ఉండే వైరు చూడు. మాట మాయమై పాట మిగిలిందంటే పదికి తొమ్మిదిసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చేది స్టీరియో. ఎడమ ఒకటి, కుడి ఒకటి, గ్రౌండు ఒకటి. ఆ వైరు రెండో కొసన ఒకే ఒక్క పీ-38 స్టీరియో జాక్ (మిక్సర్లకి గుచ్చే లావు జాక్, రెండు నల్ల గీతలు ఉండేది) ఉండి, దాన్ని మిక్సర్‌లో ఒక్క లైను ఇన్‌పుట్‌లో గుచ్చారనుకో. ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్. అది రెండు తీగల మధ్య తేడాని మాత్రమే తీసుకుంటుంది. సినిమాలో మాట ఎడమలోనూ కుడిలోనూ సమానంగా ఉంటుంది గదా, సమానమైంది సమానంలోంచి పోతే సున్నా. మిగిలేది వాయిద్యాలూ, ప్రతిధ్వనీ. నువ్వు చెప్పిన బావిలోంచి వచ్చే గొంతు అదే.

పరీక్ష సులువు. ఒక మనిషి కెమెరా ముందు కూర్చుని మాట్లాడే వార్తల క్లిప్పు వెయ్యి. గొంతు దాదాపు మాయమైతే వైరు తప్పు. వార్తలు శుభ్రంగా వినపడి సినిమా ఫైలుకి మాత్రమే మాట తగ్గితే వైరు మంచిదే, ఫైలు 5.1 ధ్వనిది, అంటే ఆరు ఛానళ్లది. అందులో మాటంతా నడిమి ఛానల్లో ఉంటుంది. మీ దగ్గర నడిమి స్పీకరే లేదాయె.

వైరు తప్పైతే: ఒక కొసన ఈపీ స్టీరియో (లాప్‌టాప్‌లో గుచ్చే సన్న జాక్), రెండో కొసన రెండు పీ-38 మోనో జాక్‌లు ఉన్న వైరు కొను. ఎలక్ట్రానిక్స్ షాపులో అట్టా అడిగితే చాలు. రెండు జాక్‌లూ రెండు వేర్వేరు ఛానళ్లలో పెట్టి, రెండింటి పాన్ (ధ్వనిని ఎడమకో కుడికో జరిపే) గుబ్బలూ నడిమికి తిప్పు. 26 అడుగుల హాల్లో పక్కన కూర్చున్నోళ్లకి ఎట్టాగూ ఒక స్పీకరే వినపడుతుంది, స్టీరియో మోజు పెట్టుకోవాకు. రెండు పెట్టెల్లోంచీ ఒకే ధ్వని రానీ.

ఫైలు 5.1 అయితే: లాప్‌టాప్ సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్లని స్టీరియోకి మార్చు, ప్లేయర్‌లో పాస్‌త్రూ (ధ్వనిని విప్పకుండా అట్టాగే బయటికి పంపేది) ఆన్‌లో ఉంటే తీసెయ్యి. వీఎల్‌సీ ప్లేయర్ అయితే ఆడియో మెనూలో స్టీరియో మోడ్ కింద మోనో పెట్టొచ్చు. అప్పటికీ రహస్యం చెప్పుకునే సీన్లు వినపడక, ఫైటు వస్తే చెవులు పగిలేట్టుంటే ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ ఆన్ చెయ్యి.

ఇక పెళ్లి స్పీకర్లు. వాటిని డప్పు కోసం సెట్ చేసి ఉంచుతారు. మిక్సర్‌లో లో-కట్ బటన్ ఉంటే నొక్కు, బేసు గుబ్బ సగానికి దించు, మిడ్ కొంచెం లేపు. తెరకి చెరోపక్క, స్పీకరు నోరు ఆరడుగుల ఎత్తులో, మూడో వరస మనిషి ముఖం వైపు వంచి పెట్టు. గోడ మూలలో దూర్చితే బేసు మళ్లీ లేస్తుంది, రెండడుగులు ఎడం ఉంచు. వెనక గోడ బోడిగా ఉంటే ఆ గోడ నుంచే మాట తిరిగొచ్చి ఇంకో మాట మీద పడుతుంది. జంపఖానాలో దుప్పట్లో, మడతలు పడేట్టు వేలాడదీయండి. బిగించి కడితే పనికిరాదు, మడతే ధ్వనిని తాగుతుంది.

బుర్రుమనే శబ్దం ఉంటే లాప్‌టాప్ చార్జర్ తీసి చూడు. ఆగిపోయిందా, గ్రౌండ్ లూపు. లాప్‌టాప్, మిక్సరు, ప్రొజెక్టరు మూడూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. అప్పటికీ పోకపోతే వైరు మధ్యలో ఆడియో ఐసొలేటర్ పెట్టుకో. ఎర్తు పిన్ను విరగ్గొట్టి వాడే తెలివితేటలు మాత్రం వద్దు, అది ప్రాణాంతకం.

బ్లూటూత్ స్పీకరు తెస్తామనేవాళ్లు మీలో ఒకరుంటారు. వద్దను. పెదవి ఆడిన తర్వాత మాట వస్తుంది.

తెల్లతెర:

గుండ్లకమ్మ గారూ, బొమ్మ సంగతి నేను చెప్తాను. మీ తెర పెద్దదైంది. 12 నుంచి 10 అడుగులకి దించండి, మీ బాధల్లో మూడు ఒకేసారి పోతాయి.

వెలుతురు లెక్క చూడండి. 12 అడుగుల వెడల్పుకి 16:9 బొమ్మ ఎత్తు 6.75 అడుగులు, అంటే 81 చదరపు అడుగులు. థియేటర్ ప్రమాణం 16 ఫుట్-లాంబర్ట్‌లు, అంటే మామూలు తెల్ల తెర మీద చదరపు అడుగుకి 16 ల్యూమెన్లు. కాబట్టి తెర మీద పడాల్సింది దాదాపు 1,300 ల్యూమెన్లు. మీది 4:3 ప్యానెల్, 16:9 బొమ్మకి అందులో ముప్పాతిక వంతే పనికొస్తుంది. 3,600 కాస్తా 2,700 అయింది. సినిమా మోడ్‌లో రంగులు సరిగ్గా రావాలంటే ఇంకో మూడో వంతు పోతుంది, 1,800 అనుకోండి. ల్యాంపు ఆయువు చివరికొచ్చి ఉంటే అందులో సగం. 900తో 81 అడుగులు నింపబోతే మసక రాక ఏమొస్తుంది? అదే 10 అడుగుల తెరకి ఎత్తు 5 అడుగుల ఏడున్నర అంగుళాలు, 56 చదరపు అడుగులు. 16 చొప్పున 900 చాలు. ముందు మెనూలో ల్యాంప్ అవర్స్ చూడండి, ఫిల్టరు తీసి దుమ్ము దులపండి. ల్యాంపు ఆయువు తీరిపోయి ఉంటే చందా డబ్బు దానికి పెట్టండి, కొత్త ప్రొజెక్టరుకి కాదు.

ఇప్పుడు ఫ్యాన్లు. 44 అడుగుల్లో నాలుగు ఫ్యాన్లు సమదూరంలో ఉంటే తెర గోడ నుంచి ఐదున్నర, పదహారున్నర, ఇరవై ఏడున్నర, ముప్పై ఎనిమిదిన్నర అడుగుల దగ్గర ఉంటాయి. 10 అడుగుల తెరకి మీ ప్రొజెక్టరు ఉండాల్సిన దూరం 14.8 నుంచి 17.7 అడుగులు. సరిగ్గా రెండో ఫ్యాను చోటు. ఆ ఫ్యాను దింపేసి అక్కడ ప్రొజెక్టరుని తలకిందులుగా బిగించండి. ఫ్యాను కొక్కేనికి వేలాడదీస్తే ఊగుతుంది, స్లాబుకి నాలుగు యాంకర్ బోల్టులతో ప్లేటు వేసి, దానికి పైపు. బోల్టులు జారినా కింద పడకుండా ఒక ఉక్కు తీగ విడిగా కట్టండి, కింద మనుషులు కూర్చుంటారు. దింపిన ఫ్యానుకి బదులు పక్క గోడలకి రెండు వాల్ ఫ్యాన్లు.

మొదటి ఫ్యాను సంగతి ఎత్తుల మీద ఉంది. కూర్చున్న మనిషి తల నాలుగడుగులకి అటూఇటూ వస్తుంది, కాబట్టి బొమ్మ అడుగు అంచు నేల నుంచి 4 అడుగులు. పై అంచు 9 అడుగుల ఏడున్నర అంగుళాలు. తలకిందులుగా కట్టిన ప్రొజెక్టరు లెన్సు దాదాపు బొమ్మ పై అంచు ఎత్తులోనో కొంచెం పైనో ఉండాలి. అంటే కాంతి మొత్తం 10 అడుగుల లోపే పోతుంది. మీ ఫ్యాను రెక్కలు ఎంత ఎత్తులో ఉన్నాయో టేపు పెట్టి కొలవండి. స్లాబు 12 కాబట్టి పొడుగు రాడ్డు అయితే సరిగ్గా 10 దగ్గర ఉంటాయి, అదే అడ్డం. రాడ్డు మార్చి రెక్కల్ని స్లాబుకి అడుగు దూరం దాకా లేపండి. అంతకన్నా దగ్గరకి జరిపితే గాలి రాదు. 12 అడుగుల తెర కట్టినప్పుడు పై అంచు 10 అడుగుల 9 అంగుళాలకి పోయింది, అందుకే ఏం చేసినా ఫ్యాను తగిలింది.

వంకరగా పెట్టి కీస్టోన్‌తో సరిచేసుకోకండి. ప్యానెల్‌లో పిక్సెళ్లు పారేసుకోవడమే అది, మీ ఎక్స్‌జీఏలో పారేసుకునేంత లేవు.

కుర్చీలు: మొదటి వరస తెరకి 11 అడుగులు, వరసకి వరసకి మూడడుగులు, వరసకి పది. ఆరు వరసలకి 60 కుర్చీలూ 29 అడుగుల లోపే సరిపోతాయి. రెండు పక్కలా నాలుగేసి అడుగుల దారి ఉంటుంది, అది వదలాల్సిందే. రెండో వరస కుర్చీని మొదటి వరస రెండు కుర్చీల సందులోకి జరపండి. నేల చదునుగా ఉన్నప్పుడు అంతకన్నా మంచి ఉపాయం లేదు.

తెరకి ఫ్లెక్సీ అయితే మెరుపు లేని మ్యాట్ రకం. మెరిసేదైతే నడిమిన దీపం ఉన్నట్టు ఒక తెల్ల మచ్చ కనపడుతుంది. వెనక కిటికీ ఉంటే నల్ల గుడ్డ వెయ్యండి. చుట్టూ ఆరంగుళాల నల్ల అంచు కుట్టిస్తే అదే బొమ్మ ఇంకా కాంతిగా అనిపిస్తుంది. సినిమాస్కోప్ బొమ్మకి కిందా పైనా దాదాపు తొమ్మిదేసి అంగుళాలు ఖాళీ వస్తుంది, ఆ మేరకి రెండు నల్లగుడ్డ పట్టీలు తయారుగా పెట్టుకోండి. ఇంకొకటి, చాలామంది వదిలేసేది: తెరకి దగ్గరున్న పక్క గోడలు తెల్ల సున్నమైతే బొమ్మ వెలుతురు వాటికి కొట్టుకుని మళ్లీ తెర మీదే పడి నలుపుని బూడిద చేస్తుంది. మొదటి పది అడుగులు ముదురు గుడ్డ కప్పండి. కిటికీలకి వేసిన కర్టెన్ కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

కరారునామా:

వైర్లూ ల్యూమెన్లూ బాగానే ఉన్నాయి. కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా.

టికెట్టు లేదు కాబట్టి హక్కులు అక్కర్లేదనే మాట తప్పు. కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షన్‌లో డబ్బు తీసుకోకుండా ఔత్సాహికులు ప్రదర్శించుకోవచ్చన్న వెసులుబాటు ఉంది, అది నాటకానికీ సాహిత్యానికీ సంగీతానికీ. సినిమాకి కాదు. విద్యాసంస్థలకి సినిమా వెసులుబాటు ఉంది, కాకపోతే ప్రేక్షకులు ఆ సంస్థ విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, దానితో సంబంధం ఉన్నవాళ్లే కావాలి. వాకిలి తెరిచి ఊరందరినీ పిలిస్తే అది వర్తించదు. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోడానికి ఇచ్చింది. డీవీడీ కొన్నా అంతే.

సినిమా కాపీరైట్ 60 ఏళ్లు, విడుదలైన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి లెక్క. 1960లో విడుదలైంది 2020 డిసెంబరు 31తో తీరిపోయింది. పాత తెలుగు సినిమాలు వెయ్యాలనుకునేవాళ్లకి ఇది పెద్ద కిటికీ. అయితే ఆ సినిమాకి ఆధారమైన కథ, పాటల హక్కు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా వేరే లెక్కన నడుస్తుంది, అది కూడా చూసుకోవాలి. ఛానల్ లోగో ఉన్న కాపీ వెయ్యకండి.

హక్కు తీరనివాటికి నిర్మాతకి రాయాలి. నిర్మాత శాటిలైటు ఒకరికీ డిజిటల్ ఇంకొకరికీ అమ్మి ఉంటాడు, మీరు అడగాల్సింది ఒక్కసారి ప్రదర్శనకి నాన్-థియేట్రికల్ (థియేటరు బయట వేసుకునే) అనుమతి. ఉత్తరంలో తేదీ, చోటు, కుర్చీల సంఖ్య, టికెట్టు లేదన్న మాట, ఏ ఫార్మాట్‌లో వేస్తారు, ఇవన్నీ ఉండాలి. జవాబు మెయిల్లోనే తీసుకోండి, ఫోన్లో ‘వేసుకోండి’ అన్నది చెల్లదు. ఆరు వారాల ముందు మొదలెట్టండి.

రెండోది సెన్సారు. సినిమాటోగ్రాఫ్ చట్టం (1952) ప్రకారం బహిరంగ ప్రదర్శనకి సర్టిఫికెట్ ఉండాలి, ఉచితమైనా సరే. కుర్రాళ్లు తీసిన ఇండీ సినిమా, షార్ట్ ఫిలిం వెయ్యాలంటే ఇక్కడే ఇరుక్కుంటారు. దర్శకుడు ఒప్పుకోవడం ఒకటి, సర్టిఫికెట్ ఇంకొకటి. పాతవాటి సర్టిఫికెట్ పదేళ్లకి తీరిపోతుందన్న భయం ఇప్పుడు అక్కర్లేదు, 2023 సవరణ ఆ గడువు తీసేసింది. అదే సవరణతో యూఏ మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. ‘A’ (పెద్దలకి మాత్రమే) సర్టిఫికెట్ సినిమా అయితే గుమ్మం దగ్గర పిల్లల్ని ఆపడం మీ పని.

మూడోది చోటు. ఆంధ్రప్రదేశ్ సినిమాల (నియంత్రణ) చట్టం (1955) కింద సినిమా వేసే చోటుకి లైసెన్సు కావాలి, అది ఎవరిస్తారో కలెక్టరు ఆఫీసులో అడగండి. హాలు ప్లాను, తలుపుల సంఖ్య, విద్యుత్ వైరింగు వివరం పెట్టి ముందే దరఖాస్తు ఇవ్వండి.

మీరు సంఘంగా రిజిస్టర్ అయితే ఈ ఉత్తరాలన్నిటికీ బరువొస్తుంది. 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు, మీరు ఎనిమిది మంది ఉన్నారు. ఫెడరేషన్ ఆఫ్ ఫిలిం సొసైటీస్ ఆఫ్ ఇండియా 1959 నుంచి ఉంది, సత్యజిత్ రాయ్ మొదటి అధ్యక్షుడు. అందులో చేరితే సినిమాలు సంపాదించే దారులు తెలుస్తాయి. నిర్మాత డీసీపీ (థియేటర్లకి పంపే డిజిటల్ కాపీ) డ్రైవు పంపిస్తానంటే వద్దని మామూలు 1080 ఫైలు అడగండి. డీసీపీ డ్రైవు ఎక్కువగా లినక్సు ఫార్మాట్‌లో ఉంటుంది, విండోస్ లాప్‌టాప్‌కి తగిలిస్తే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. ఎవరో ఒకరు ‘సరే’ నొక్కుతారు. అంతటితో సినిమా పోయినట్టే.

గుండ్లకమ్మ గట్టు:

పీ-38 అన్నా, వైరు చూశాం. మీరు చెప్పిందే, ఒకే జాక్. వార్తల క్లిప్పులో గొంతు పూర్తిగా పోయింది. వైరు మార్చాం, మాట వచ్చింది.

కరారునామా గారూ, ఇదంతా చూస్తే కాళ్లు వణుకుతున్నాయి. అద్దెకి థియేటరే తీసుకుని పొద్దున్నే వేసుకుంటే లైసెన్సు గొడవ ఉండదు గదా?

కరారునామా:

చోటు లైసెన్సు గొడవ ఉండదు, మిగతా రెండూ ఉంటాయి. పైగా అక్కడి డిజిటల్ సర్వరు డీసీపీ లాంటి థియేటరు ఫార్మాట్ ఫైళ్లే ఆడుతుంది. మీ ఫైలుని హెచ్‌డీఎంఐ ద్వారా ప్రొజెక్టరుకి ఇవ్వడం కుదురుతుందా, ఆపరేటరుకి అది వచ్చా అని ముందు అడగండి. ఏసీ, జనరేటరు ఖర్చు మీ మీదే పడుతుంది. 60 మందికి మీ హాలే నయం. వణకడానికేం లేదు, ఒకసారి కాగితాల ఫైలు తయారైతే నెలనెలా మారేది సినిమా ఉత్తరం ఒక్కటే.

అక్షరం ముక్క:

సబ్‌టైటిల్స్ డబ్బాల గురించి. రెండు వేర్వేరు జబ్బులు ఒకేలా కనపడతాయి.

అన్నీ ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో అయితే ఫైలు ఎన్‌కోడింగ్ తప్పు. ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’లో యూటీఎఫ్-8 ఎంచుకుని దాచండి. అన్నీ ఖాళీ డబ్బాలైతే ఎన్‌కోడింగ్ బాగానే ఉంది, ప్లేయరు వాడుతున్న ఫాంటులో తెలుగు లేదు. వీఎల్‌సీ సబ్‌టైటిల్ సెట్టింగ్స్‌లో ఫాంటుని నిర్మలా యూఐకో నోటో సాన్స్ తెలుగుకో మార్చి, ప్లేయరు మూసి మళ్లీ తెరవండి.

మూడో జబ్బు కూడా ఉంది. అక్షరాలు వస్తాయి, వత్తులు మాత్రం కిందకి చేరకుండా పక్కన పడతాయి. ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అవుతుంది. ప్రొజెక్టరు యూఎస్‌బీలో పెన్‌డ్రైవు పెట్టి వేసినా, చవక మీడియా ప్లేయరు పెట్టెలతో వేసినా ఇలాగే ఉంటుంది, వాటికి తెలుగు అక్షరాలని కూర్చడం రాదు. ఫాంటు మార్చినా బాగుపడదు. లాప్‌టాప్ నుంచే వెయ్యండి, లేదా హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సబ్‌టైటిల్స్‌ని బొమ్మలోకే అచ్చుగుద్దేయండి. అచ్చు గుద్దాక ఏ పెట్టెలో వేసినా ఒకేలా వస్తుంది. ఇదీ నిర్మాత ఒప్పుకున్నాకే.

తెలుగు వాక్యం ఇంగ్లీషు కన్నా నిలువు చోటు ఎక్కువ తింటుంది, కొమ్ములూ వత్తులూ రెండు వైపులా పొడుచుకొస్తాయి కాబట్టి. రెండు వరసలకి మించనివ్వకండి, వరసకి 35 అక్షరాలు దాటనివ్వకండి. చివరి వరసలో కూర్చుని చదివి చూడండి. నల్ల అంచు ఉన్న తెలుపు లేదా లేత పసుపు రంగు. మాట ముందో వెనకో వస్తుంటే వీఎల్‌సీలో జీ, హెచ్ మీటలు సబ్‌టైటిల్‌ని, జే, కే మీటలు ధ్వనిని యాభై మిల్లీసెకన్ల చొప్పున జరుపుతాయి.

పీ-38 జాక్:

కరెంటు గురించి ఎవరూ అనలేదు. మీది ల్యాంపు ప్రొజెక్టరు. సినిమా మధ్యలో కరెంటు పోతే లోపలి ఫ్యాను కూడా ఆగిపోయి, వేడి ల్యాంపు చల్లబడక దెబ్బతింటుంది. కరెంటు వెంటనే వచ్చినా వేడి మీద ఆ ల్యాంపు వెలగదు, కొన్ని నిమిషాలు ఆగాల్సిందే. జనం ఈలలేస్తారు.

ఇంట్లో వాడే సైన్ వేవ్ ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ చాలు. 12 వోల్టులు ఇంటూ 150, అంటే 1,800 వాట్ అవర్లు, అందులో సగమే లెక్కలోకి తీసుకో. ప్రొజెక్టరూ లాప్‌టాపూ కలిపి 400 వాట్లు అనుకుంటే రెండు గంటల చిల్లర. ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ వైపు నొక్కి ఉంచు. మామూలు మోడ్‌లో మారేటప్పుడు పట్టే సమయానికి ప్రొజెక్టరు ఆరిపోతుంది. స్క్వేర్ వేవ్‌ది తేవాకు, స్పీకర్లలో తుమ్మెద దూరినట్టుంటుంది. స్పీకర్లని దీని మీద పెట్టకుండా ఉంటే బ్యాటరీ మిగులుతుంది, కరెంటు పోయినప్పుడు బొమ్మని పాజ్ చేసి ఆగొచ్చు. జనరేటరు వచ్చినా రాకపోయినా ల్యాంపు బతుకుతుంది.

పెన్నా తీరం:

మనుషుల గురించి నాలుగు ముక్కలు. సామానుతో ఆగిపోయిన సంఘం ఉండదు, ఒక్క మనిషి ఊరెళ్లడంతో ఆగిపోతుంది. ప్రతి పనికీ ఇద్దరికి రావాలి: ప్రొజెక్టరు, ధ్వని, గుమ్మం, కుర్చీలు, హాలు తాళం. లాప్‌టాప్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి పెట్టెలో ఉండాలి. ప్రొజెక్టరు కనెక్షన్ల ఫొటో తీసి, ఏ వైరు ఎక్కడికో రాసి, మూత లోపలి వైపు అంటించండి.

ఆరున్నర ఆటకి నాలుగింటికి హాలు తెరవాలి. ముందు తెర, తర్వాత బొమ్మ, తర్వాత ధ్వని, కుర్చీలు ఆఖర్న. కుర్చీలు ముందేస్తే వైర్లు లాగడానికి చోటుండదు. ఐదున్నరకి సినిమా మొదటి ఐదు నిమిషాలూ, మధ్యలో ఒక పాటా, చివరి పది నిమిషాలూ వేసి చూడండి. ఫైలు చివర్లో తెగిపోయిందని అసలు ఆటలో తెలుసుకునే ఖర్మ వద్దు. లాప్‌టాప్‌లో స్లీప్, అప్‌డేట్లు, నోటిఫికేషన్లు ఆపేసి వైఫై తీసెయ్యాలి. నేల మీద వైరు దారి దాటే ప్రతి చోటా గుడ్డ టేపు పొడుగునా అంటించండి, అడ్డంగా ముక్కలు ముక్కలుగా కాదు.

విదేశీ సినిమాల్లో ఇంటర్వెల్ ఉండదు. మన జనానికి కావాలి. ఎక్కడ ఆపాలో ముందే చూసి నిమిషం, సెకను రాసిపెట్టుకోండి, లేకపోతే మాట మధ్యలో ఆపుతారు. దోమల కోసం చుట్టలు వెలిగించొద్దు, పొగంతా కాంతిలో పాములా ఆడుతుంది. పల్లీలు కాగితం పొట్లాల్లో ఇవ్వండి, ప్లాస్టిక్ కవరు చప్పుడు డైలాగుని తినేస్తుంది. ముహూర్తాల రోజుల్లో అద్దె స్పీకర్లు దొరకవు, రెండో శనివారమని మొండిగా ఉండక పంచాంగం చూసి తేదీలు వేసుకోండి. ఇంటర్ పరీక్షల నెలలో సగం కుర్చీలు ఖాళీ.

గుండ్లకమ్మ గట్టు:

అందరికీ దండాలు. తెర పదడుగులకి దించుతున్నాం, రాడ్లు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌కి చెప్పాం. ఇంకొక్క ప్రశ్న. సంక్రాంతికి కొత్తపట్నం బీచ్ దగ్గర బయట ఒక ఆట వెయ్యమని అడుగుతున్నారు. ఇదే తెర పనికొస్తుందా?

తెల్లతెర:

పనికొస్తుంది, గాలి లెక్క వేసుకుంటే. 56 చదరపు అడుగుల గుడ్డ మీద గంటకి 36 కిలోమీటర్ల గాలి దాదాపు 40 కిలోల బరువుతో నెడుతుంది. 54 అయితే 90 కిలోలు. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. కాబట్టి రెండు పైపులు పాతి వదిలెయ్యకండి. పై మూలల నుంచి ముందుకి రెండు, వెనక్కి రెండు, నాలుగు తాళ్లు వాలుగా లాగి కట్టండి. ఇసుకలో ఇనప మేకులు పట్టు నిలబడవు. గోతాంలో ఇసుక నింపి, తాడు కట్టి, రెండడుగుల లోతున పూడ్చండి, అది లేవదు. తెర గుడ్డని పైపుకి బిగించే తాళ్లు కింది వైపు ముడి విప్పితే జారిపోయేట్టు ఉండాలి, గాలి రేగినప్పుడు గుడ్డ దించేస్తే పైపులు మిగులుతాయి.

జనవరిలో సూర్యుడు ఆరులోపే మునుగుతాడు, అయినా ఆరున్నర దాటాకే మొదలెట్టండి. రాత్రి మంచుకి లెన్సు మీద తడి పడుతుంది, ప్రొజెక్టరు అరగంట ముందే వెలిగించి పెట్టండి, వేడి ఉంటే తడి నిలవదు. పైన గొడుగు కట్టండి, గాలి వదిలే పక్కలు మాత్రం మూయకండి. ఉప్పుగాలి కాబట్టి ఇంటికొచ్చాక ఫిల్టరు తీసి దులపాలి.

కరారునామా:

మైకు అనుమతి విడిగా రాతపూర్వకంగా తీసుకోవాలి. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకరు వాడకూడదు, ఇంటర్వెల్‌తో కలిపి లెక్కేసుకుని రెండున్నర గంటల లోపు సినిమా ఎంచుకోండి. సినిమా అనుమతి ఉత్తరంలో హాలు పేరు రాసి ఉంటే బీచ్‌కి అది పనికిరాదు, ఇంకోటి అడగాలి. సంక్రాంతికి ఆట అంటే ఆ ఉత్తరం నవంబరు నెలాఖరులో పడాలి.